రైల్లో చదివిన పుస్తకాలు

పదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పొడుగాటి అబద్ధం కాదు, ఒక్క మాట. నా భార్య ఒక ప్రశ్న అడిగింది, నేను ఒక్క మాటలో జవాబు చెప్పాను, ఆ మాట నిజం కాదు. దాన్ని ఆ పూటే వెనక్కి తీసుకోవచ్చు. మర్నాడు తీసుకోవచ్చు. ఏడాది తర్వాత, నవ్వుతూనైనా తీసుకోవచ్చు. తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో నాకు బాగా తెలుసు, అదే నన్ను ఎక్కువ బాధపెడుతున్నది.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ళతో చెప్పగలిగే ధైర్యమే ఉంటే ముందు ఆమెతోనే చెప్పి ఉండేవాణ్ణి. నా పేరు రాయను. ఆమెను ఇక్కడ బాలమణి అంటాను. అది ఆమె అసలు పేరు కాదు.

మాది తాండూరు. మా నాయన కుల్కచర్ల దిక్కు గొర్రెలు కాసేవాడు. నన్ను మాత్రం మంద దగ్గరికి రానివ్వకుండా బడికి పంపాడు. అప్పుడు మాకు బడి అంటే ఉర్దూ బడే. లెక్కలు, భూగోళం, చరిత్ర అన్నీ ఉర్దూలోనే నేర్చుకున్నాను. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష, గొర్రెలను అదిలించే భాష. దాన్ని చదవాలని, రాయాలని నాకు తోచనే లేదు. నా ఉర్దూ చేతిరాత ముత్యాల్లా ఉంటుందని వికారాబాదు కచ్చేరీలో గుమాస్తాగా తీసుకున్నారు. మా వాడకట్టులో కచ్చేరీ కొలువు చేసిన మొదటివాణ్ణి నేనే. ఆ గర్వం నాకు ఉండేది. ఇప్పటికీ కొంచెం ఉంది.

నలభై ఎనిమిదిలో రాజ్యం మారింది. కచ్చేరీలో ఉర్దూ ఒక్కరోజులో పోలేదు, మెల్లమెల్లగా పక్కకు జరిగింది. తెలుగులో రాసిన అర్జీలు ఒకటీ రెండూ రావడం మొదలైంది. అవి నా బల్ల మీదికి వస్తే, నాకు వేరే పని ఉన్నట్టు మొహం పెట్టి పక్క గుమాస్తా వైపు తోసేవాణ్ణి. సొంత భాషలో నేను నిశానీని, వేలిముద్ర వేసేవాళ్ళతో సమానం. ఆ మాట ఎవరూ అనలేదు. అనకముందే నాకు కోపం వచ్చేది.

తర్వాత రెండేళ్ళకు పెళ్ళయింది. బాలమణి తండ్రి వికారాబాదులో రైల్వే గేటు దగ్గర పని చేసేవాడు. గేటుకు ఎదురుగా రెండు గదుల్లో ఒక చిన్న గ్రంథాలయం ఉండేది. దాన్ని చూసుకునే ముసలాయనను అందరూ పంతులు అనేవాళ్ళు. గేటు దగ్గర ఆడుకునే పిల్లకు ఆయనే తెలుగు అక్షరాలు దిద్దించాడు. పెళ్ళినాటికి అక్కడ బాలమణి పేరు మీద సభ్యత్వం ఉంది. పెళ్ళైన ఏడాదికి మా మామకు సేడం దిక్కు బదిలీ అయింది. ఇక వికారాబాదులో ఆమెకు ఎవరూ లేరు. నేను మాత్రం రోజూ తాండూరు నుంచి పొద్దుటి పాసింజరులో వెళ్ళి సాయంత్రం బండిలో తిరిగివచ్చేవాణ్ణి. కాబట్టి ఆమె చదివే పుస్తకం నా సంచిలోనే రావాలి, నా సంచిలోనే పోవాలి. చిన్న చీటీ మీద పుస్తకం పేరు రాసి ఇచ్చేది. నేను దాన్ని పంతులుకు ఇచ్చేవాణ్ణి. చీటీలో ఏముందో నాకు తెలిసేది కాదు.

బాలమణికి ఒక నోటుపుస్తకం ఉండేది. తండ్రి తెచ్చిన పనికిరాని రైల్వే కాగితాలు, ఒకవైపు అచ్చు, రెండోవైపు ఖాళీ. వాటిని మడిచి, దబ్బనంతో కుట్టి, పైన పాత క్యాలెండరు అట్ట వేసుకుంది. చదివిన ప్రతి పుస్తకానికీ అందులో ఒక పేజీ. పైన పుస్తకం పేరు, అది ముగించింది ఏ పండుగ దగ్గరో, కింద నాలుగైదు వరుసలు. ఎవరు రాయమన్నారు? ఎవరూ అనలేదు. ఎవరికీ చూపించేది కాదు, అలాగని దాచేదీ కాదు. ఉప్పు జాడీ పక్కన గూట్లో ఉండేది. ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది ఆమె ఒక్కదానికే, ఇంక దాచడం దేనికి?

నాకు చదవడం రాదని ఆమెకు ఎలా తెలిసిందో చెబుతాను. పెళ్ళైన కొత్తలో ఎవరిదో పెండ్లి పత్రిక వచ్చింది. ముహూర్తం ఎప్పుడో చూడమని నా చేతికిచ్చింది. కళ్ళద్దాలు లేవు, కనపడటం లేదు అన్నాను. నాకప్పటికి అద్దాలే లేవు, ఇరవై మూడేళ్ళు. ఆమె ఒక్క క్షణం నా వైపు చూసి, పత్రిక వెనక్కి తీసుకుని, తనే చదివి చెప్పింది. ఆ తర్వాత ఎన్నడూ నా చేతికి తెలుగు కాగితం ఇచ్చి చదవమనలేదు. చీటీలు కూడా మడిచే ఇచ్చేది. నన్ను వేళాకోళం చేసినా బాగుండేదేమో. ఆ మర్యాదను నేను భరించలేకపోయాను.

అయినా రెండేళ్ళు పుస్తకాలు సరిగ్గానే మోశాను. ఒక ఆదివారం పొద్దున ఆమె రొట్టెలు కాలుస్తూ, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని, ఒక్కతే పకపకా నవ్వింది. రొట్టె మాడింది. ఏమైందని అడిగాను. నవ్వు ఆపుకుంటూ, అది చదివితేనే నవ్వొస్తుందనీ, చెబితే రాదనీ అంది. మామూలుగానే అంది, నన్ను పొడవాలని కాదు. నాకు మాత్రం కడుపు మండింది. నా మాటకు ఆమె ఎన్నడైనా అలా నవ్విందా? గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

ఆ రోజు నుంచి ఆ నోటుపుస్తకం మీద నా కన్ను పడింది. ఏం రాస్తుంది? అంతసేపు ఆలోచించి, పెన్సిలు పెదవికి ఆనించుకుని, ఎవరి గురించి రాస్తుంది? నా గురించే అనుకున్నాను. నా కోపం గురించి, చదువురాని మొగుడి గురించి. ఎవరైనా అలాగే అనుకుంటారని నా మనసుకు నచ్చజెప్పుకున్నాను. ఇప్పుడు చూస్తే, నన్ను గురించి తప్ప లోకంలో రాయడానికి ఏముంటుందని నా ధీమా.

వికారాబాదు బజారులో పిల్లల అక్షరాల పుస్తకం ఒకటి తెచ్చుకున్నాను. రైల్లో ఉర్దూ పేపరు విప్పి, దాని మడతలో ఆ పుస్తకం పెట్టుకుని అ, ఆ నుంచి మొదలుపెట్టాను. చూసేవాళ్ళకు నేను పేపరు చదువుతున్నట్టే ఉండేది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు పోతుంది, తెలుగు ఎడమ నుంచి కుడికి. నా కళ్ళు మాటిమాటికీ అలవాటైన దిక్కుకే పరుగెత్తేవి. ఒత్తుల దగ్గర ఏడుపొచ్చేది. అయినా వదల్లేదు. ఏడాది పట్టింది. ఒక మనిషి మాతృభాష ప్రేమతో నేర్చుకుంటాడు, అవసరానికి నేర్చుకుంటాడు. నేను భార్య మీద నిఘా పెట్టడానికి నేర్చుకున్నాను.

ఒక అంగడి రోజు ఆమె కూరగాయలకు వెళ్ళినప్పుడు గూట్లోంచి నోటుపుస్తకం తీశాను. కూడబలుక్కుంటూ చదివాను. మొదటి పేజీ, రెండో పేజీ, పదో పేజీ. నా మీద చాడీ ఒక్కటి లేదు. అసలు నేనే లేను. మూడేళ్ళ కాపురంలో ఒక్క వరుసలో కూడా నేను లేను. ఎక్కడా పుట్టని మనిషికి, కాగితం మీది మనిషికి జ్వరం వస్తే, ఆ పూట అన్నం సహించలేదని రాసుకుంది. అదే నెలలో నాకూ జ్వరం వచ్చింది. పక్కనే కూర్చుని గంజి తాగించింది, ఒళ్ళు తుడిచింది, అన్నీ చేసింది. రాయలేదు, అంతే. నాకు చేసింది పని. వాడి కోసం మాత్రం పస్తు ఉంది.

నవ్వకండి. నవ్వినా ఫర్వాలేదు. మనిషి మీద అసూయ పడితే వెళ్ళి గల్లా పట్టుకోవచ్చు. పుస్తకం మీద అసూయ పడితే ఏం చేస్తారు?

తర్వాతి వారం పంతులు ఇచ్చిన పుస్తకం సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చాను. గుమ్మంలోనే వచ్చిందా అని అడిగింది. దొరకలేదు, ఎవరో తీసుకుపోయారట అన్నాను. ఒక్కరోజు ఏడిపిద్దామని, అంతే. ఆమె మొహం చిన్నబోయింది. ఆ చిన్నబోవడం చూస్తే నాకు హాయిగా అనిపించింది. రేపు ఇద్దాంలే అనుకున్నాను.

మర్నాడు రైల్లో ఊరికే ఆ పుస్తకం తెరిచాను. అక్షరాల పుస్తకం తర్వాత నేను తెరిచిన మొదటి తెలుగు పుస్తకం అదే. దారిలో ధారూరు స్టేషను ఎప్పుడు దాటిందో తెలియలేదు. వికారాబాదులో బండి ఆగితే ఎవరో భుజం తట్టి దిగమన్నారు. కచ్చేరీలో మధ్యాహ్నం అన్నం మానుకుని నాలుగు పేజీలు చదివాను. అందులో ఒక ముసలామె తన గొర్రెపిల్లను అమ్ముకునే ఘట్టం ఉంది. మా నాయన గుర్తొచ్చాడు. నాకు తెలిసిన మాటలు, మా ఇంట్లో పలికే మాటలు, కాగితం మీద కూర్చుని నన్ను ఏడిపిస్తున్నాయి. వారం రోజుల్లో ముగించి, పంతులుకు తిరిగి ఇచ్చేశాను.

బాలమణికి ఇవ్వలేదు. ఇస్తే ఆమెదైపోతుంది. నాకంటే బాగా చదువుతుంది, నేను చూడనిది చూస్తుంది, నోటుపుస్తకంలో రాసేస్తుంది. అది నా ఒక్కడిదిగా ఉండాలనిపించింది.

అలా నాలుగేళ్ళు గడిచాయి. అడిగిన పుస్తకమల్లా ఆమె పేరు మీద తీసుకునేవాణ్ణి, రైల్లో చదివేవాణ్ణి, తిరిగి ఇచ్చేవాణ్ణి. ఇంట్లో దొరకలేదనేవాణ్ణి. అనుమానం రాకుండా అప్పుడప్పుడు ఒకటి తెచ్చి ఇచ్చేవాణ్ణి, అదీ నాకు రుచించని చప్పిడి పుస్తకం. ఆ చప్పిడి పుస్తకంలో కూడా ఆమెకు ఏదో ఒకటి దొరికేది. నోటుపుస్తకంలో రెండు వరుసలు రాసేది. అవి చదివాక నేను మళ్ళీ పంతులు దగ్గరికి వెళ్ళి ఆ పుస్తకం అడిగి తీసుకుని, ఆమెకు కనపడింది నాకెందుకు కనపడలేదని వెతుక్కునేవాణ్ణి. ఒళ్ళు మండేది. మిగిలిన పేజీల్లో మాత్రం పుస్తకం పేరు, కింద రెండే మాటలు ఉండేవి: అడిగిన, దొరకలేదు.

పంతులుకు నా మీద ఎంతో గౌరవం. భార్య కోసం ఇంత ఓపికగా పుస్తకాలు మోసే మొగుణ్ణి తాను చూడలేదని నలుగురి ముందూ అనేవాడు. నేను తల వంచుకుని నవ్వేవాణ్ణి.

మా బిడ్డ పుట్టువెంట్రుకలు తీయించడానికి అనంతగిరి వెళ్ళిన రోజు ఇదంతా బయటపడింది. మొక్కు తీర్చుకుని, గుట్ట దిగి, వికారాబాదు స్టేషనుకు వచ్చేసరికి బండికి ఇంకా రెండు గంటలుంది. బాలమణి గ్రంథాలయం చూసివద్దామంది. ఎండగా ఉంది, పిల్ల నిద్రపోతుంది అన్నాను. పిల్లను భుజాన వేసుకుని తనే నడిచింది. నేను వెనకే నడిచాను.

పంతులు ఆమెను చూసి కుర్చీలోంచి లేచాడు. గేటు దగ్గరి పిల్ల ఇంత పెద్దదైందా అని మురిసిపోయాడు. అడగకుండానే రిజిస్టరు తెచ్చి ముందు పెట్టాడు.

"చూడు బిడ్డా. గీ ఊర్ల నీయంత చదివినోళ్ళు ఇంకెవ్వరు లేరు."

పేజీ తర్వాత పేజీ ఆమె పేరు. పక్కన పుస్తకం పేరు, తీసుకున్న రోజు, ఇచ్చిన రోజు. దొరకలేదని నేను చెప్పిన పుస్తకాలన్నీ ఒక్కటి పోకుండా అక్కడ ఉన్నాయి. ఆమె ఒక్కో పేరు మీద వేలు పెట్టుకుంటూ కిందికి వెళ్ళింది. పంతులు అందులో ఒక పుస్తకం పేరు ఎత్తి, దాని ముగింపు నీకెలా అనిపించిందమ్మా అని అడిగాడు. ఆమె చదవని పుస్తకం అది. బాగుందని చెప్పింది. నా పరువు పోకూడదని అలా అంది.

స్టేషనులో ఒక మూల బల్ల మీద కూర్చున్నాం. పిల్ల గుండుకు గంధం రాసి ఉంది, ఒళ్ళో నిద్రపోతున్నది. బాలమణి పిల్ల మీద కొంగు కప్పింది.

"గా పుస్తకాలు ఎవరికిచ్చినవ్?"

నేను పట్టాల వైపు చూశాను.

"కోపం జేస్తలేను. అడుగుతున్న. నీకైతే తెలుగు రాదు. ఎవరికో ఇస్తున్నవ్. ఆడమనిషికేనా?"

నేనే చదివాను అంటే అయిపోయేది. ఎంత తేలిక! కానీ అప్పుడు ఎందుకు నేర్చుకున్నానో చెప్పాలి. నోటుపుస్తకం చాటుగా చదివానని చెప్పాలి. ఉర్దూ పేపరు మడతలో అ, ఆ దిద్దుకున్నానని చెప్పాలి. తల ఎత్తి ఆమె మొహం చూశాను. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, పెదవి బిగబట్టింది. నా కోసం. నాలుగేళ్ళుగా నేను దేనిలో కాలుతున్నానో అదే ఇప్పుడు ఆమె కళ్ళలో ఉంది, నా కోసం ఉంది.

"ఆమెకు చదువొస్తదా?" అంది.

"వస్తది" అన్నాను.

ఇదే ఆ మాట. నోరు జారి వచ్చింది కాదు. పరువు కోసం మాత్రమే అన్నదీ కాదు. ఆమె నా మీద అసూయ పడుతున్నదని నాకు సంతోషం కలిగింది. కడుపు నిండినట్టయింది. ఇది మీకు చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. లేని ఒక ఆడమనిషిని మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టి, ఆ సంతోషం మూటగట్టుకుని బండెక్కాను.

పోట్లాడుతుందనుకున్నాను. పుట్టింటికి పోతానంటుందనుకున్నాను. కొంచెం ఎదురుచూశాను కూడా. ఏమీ జరగలేదు. పది రోజుల తర్వాత మళ్ళీ చీటీ ఇచ్చింది. ఆ మనిషి చదివినంక తనకు తెమ్మంది, అంతే.

అప్పటి నుంచి ప్రతి పుస్తకమూ ఇంటికి తెచ్చాను. వింత చూడండి. అబద్ధం ముదిరాక గానీ ఆమెకు రావలసిన పుస్తకాలు ఆమెకు చేరలేదు. కానీ ఆమె చదివే తీరు మారిపోయింది. కథ చదవడానికి ముందు పేజీలు తిరగేసేది. దీపం పెట్టకముందే వాకిట్లో వెలుతురుకు ఒక్కో కాగితం ఎత్తి చూసేది. ఏం వెతుకుతున్నదో నోటుపుస్తకంలో చదివాను. పేజీలు మడవలేదు, నూనె మరక లేదు, శుభ్రమైన మనిషి అని ఒకచోట రాసింది. ఇంకోచోట, అంచున బొగ్గు మసి ఉంది, పొయ్యి దగ్గర కూర్చుని చదువుతుందేమో, ఇంటి పనితో తీరిక లేనట్టుంది అని రాసింది. అది రైలింజను మసి. కిటికీ పక్కన కూర్చుంటే పడుతుంది. మరొకసారి, ఇంత లావు పుస్తకం నాలుగు రోజుల్లో ముగించింది, నాకంటే తెలివిగలది అని రాసింది. అది చదివి నాకు గర్వం కలిగింది. నిజంగా కలిగింది. గూటి దగ్గర ఒక్కణ్ణే నిలబడి మీసం తడుముకున్నాను. ఇంతకంటే దిగజారడం ఉంటుందా?

పుస్తకంలోని మనుషుల కోసం అన్నం మానుకున్న బాలమణి ఆ పేజీల్లో ఇక లేదు. ఒకప్పుడు రొట్టె మాడగొట్టుకుని నవ్విన మనిషి ఇప్పుడు కాగితాల మీద మరకలు వెతుకుతున్నది. నేను ఏ సుఖాన్ని చూసి ఓర్వలేకపోయానో ఆ సుఖం పోయింది. నేను గెలిచాను. గెలిచి ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు.

ఒకరోజు తిరిగి ఇవ్వమని ఒక పుస్తకం నా సంచిలో పెట్టింది. రైలు కదిలాక, మళ్ళీ ఒకసారి చదువుదామని తెరిచాను. మధ్యలో చీటీ ఉంది. పుస్తకం పేరు రాసే చీటీ కాదు.

"అక్కా, ఈ పుస్తకం నా కన్న ముందు నువ్వు చదివితివి. నీకెట్ల అనిపించింది? నీ మీద నాకు కోపం లేదు. ముందుల ఉండె, ఇప్పుడు లేదు. చదివినంక చెప్పుకునేటందుకు నాకు ఎవ్వరు లేరు. రాస్తె ఇందులనే పెట్టు."

ఎన్నిసార్లు చదివానో. నేను పడిన అసూయ ఆమె కూడా పడింది. నేను అందులోనే కూర్చుండిపోయాను, ఆమె దాటి వచ్చింది. దాటి వచ్చి, తన మొగుణ్ణి పంచుకుంటున్నదని నమ్మిన మనిషిని అక్కా అని పిలిచింది. పుస్తకం గురించి మాట్లాడుకోవడానికి. ఆ మాటలు నాతో మాట్లాడవచ్చు కదా! ఆ పుస్తకం నేనూ చదివాను. నాకూ చెప్పుకోవాలని ఉంది. ఒకే గదిలో, ఒకే కంచం పక్కన, ఒకే పుస్తకం చదివిన ఇద్దరం ఉన్నాం, ఆ సంగతి నాకు ఒక్కడికే తెలుసు.

జవాబు రాద్దామని కాగితం తీసుకున్నాను. నాకు తెలుగు చదవడం వచ్చిందే గానీ, అంతవరకు ఒక్క వాక్యం రాసి ఎరుగను. మొదటి వాక్యం ఇంకో ఆడదాని పేరు మీద రాయడానికి చెయ్యి రాలేదు. నా పేరు మీద రాయడానికి ధైర్యం రాలేదు. కాగితం ఖాళీగానే మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం కొత్త పుస్తకం తెచ్చి ఇచ్చాను. బాలమణి దాని పేరు కూడా చూడలేదు. అట్టలు రెండూ పట్టుకుని తలకిందులుగా దులిపింది. ఏమీ రాలలేదు. ఒక్కో పేజీ తిప్పి చూసింది. తర్వాతి పుస్తకమూ అంతే. మూడోదీ అంతే. నేను చెప్పులు విడుస్తూ, కాళ్ళు కడుక్కుంటూ ఇదంతా చూశాను. చూసి ఊరుకున్నాను.

నోటుపుస్తకంలో ఆమె రాసిన చివరి వరుస ఇది: జవాబు రాలేదు, ఇష్టం లేదేమో. దాని తర్వాత కాగితాలన్నీ ఖాళీ. సభ్యత్వం తీసేయించమని నాతో చెప్పింది. ఎందుకని పంతులు అడిగితే ఇంట్లో పని ఎక్కువైందని చెప్పాను. ఆయన నొచ్చుకున్నాడు.

ఇప్పుడు కచ్చేరీలో తెలుగు అర్జీలు నేనే చదువుతాను, జవాబులు నేనే రాస్తాను. కొత్తగా చేరినవాళ్ళు నన్ను అడిగి తప్పులు దిద్దుకుంటారు. ఇంట్లో మాత్రం ఇప్పటికీ నేను తెలుగు రానివాణ్ణే. పెండ్లి పత్రికలు వస్తే మా బిడ్డ చదివి వినిపిస్తుంది. నేను శ్రద్ధగా వింటాను. బాలమణి నన్ను ఏ లోటూ లేకుండా చూసుకుంటుంది. బండి ఆలస్యమై ఎప్పుడైనా చీకటి పడితే ఎక్కడికి పోయావని అడగదు. మొన్న ఉగాది మర్నాడు నా అన్నం డబ్బాలో తీపి పోలెలు రెండు ఎక్కువ పెట్టింది. ఏటా అలాగే పెడుతుంది. ఎవరి కోసమని నేను అడగను, ఆమె చెప్పదు. ధారూరు దాటాక వాటిని నేనే తింటాను. పారవేయడానికి మనసు రాదు.

ఆ చీటీ ఇప్పటికీ కచ్చేరీలో నా సొరుగులో ఉంది. ఇది రాయడానికి అదే కారణం. దీన్ని ఆమెకు ఇస్తానని మీకు మాట ఇవ్వను, నా మాట ఎలాంటిదో మీకు తెలిసిపోయింది. ఇచ్చినా క్షమిస్తుందని నేను అనుకోవడం లేదు. ఆమె పెద్ద మనసుకు అది కష్టం కాకపోవచ్చు, కానీ అడగడానికి నాకు మొహం లేదు. ఆమె నవ్వును, ఆమె పేజీలను నేను తిరిగి ఇవ్వలేను. ఒక జవాబు మాత్రం బాకీ ఉన్నాను. మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళాక, తలుపు దగ్గరికి వేసి, కాగితం ముందు పెట్టుకుని రాశాను. రాశాక, పదేళ్ళ తర్వాత గొంతులోంచి ఊపిరి సరిగ్గా ఆడింది.

బాలమణీ, ఆమె లేదు. ఎన్నడు లేకుండె. అన్ని పుస్తకాలు నేనే చదివిన. నువ్వు అడిగిన పుస్తకం మంచిగుంది. చివరికి వచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. చెప్పుకునేటందుకు నాకు గూడ ఎవ్వరు లేకుండె.